తడి రాయి మీద ఒంటికాలు

మా జునియాటా నదికి బాస్ చేపల కోసం వచ్చేవాళ్ళందరికీ లోర్నా హోస్టెట్టర్ నోరంటే హడల్. నలభై ఏళ్ళుగా ఆవిడది ఒడ్డునే కొట్టు. గాలం కర్రలు, నదిలో దిగే బూట్లు, ఈకలతో కట్టిన ఎరలు అమ్ముతుంది. అమ్ముతుందనడం కూడా సగం అబద్ధమే. వచ్చినవాళ్ళలో చాలామందిని తిట్టి పంపేస్తుంది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అన్నిటికన్నా బరువైన తొమ్మిదో నంబరు కర్ర తీసుకున్నాను. పెద్ద చేపకి పెద్ద కర్ర కావాలనుకున్నాను.

"ఏమయ్యా మెర్ల్, చేపని పడతావా, చావగొడతావా?" అంది. "మన నదిలో బాస్ రెండు పౌండ్లు తూగితే గొప్ప. దీన్ని మధ్యాహ్నం దాకా విసిరావంటే నీ భుజం ఊడి చేతిలోకొస్తుంది."

ఆరో నంబరు కర్ర చేతికిచ్చి, ఎర బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి, కొట్టు వెనక గడ్డిలో గంటసేపు విసిరించింది. అప్పుడు గానీ అమ్మలేదు.

బూట్ల దగ్గర ఇంకా మొండి. కొట్టు మధ్యలో ఒక రేకు తొట్టి, అందులో నదిలోంచి తెచ్చిన పాచి రాయి. పాచి ఎండిపోకుండా రోజూ పొద్దున్నే నది నీళ్ళు తెచ్చి పోస్తుంది. బూట్లు కావాలన్నవాళ్ళు వాటిని తొడుక్కుని, ఆ రాయి మీద ఒంటికాలితో నిలబడి పది లెక్కపెట్టాలి. ఉన్ని అడుగుల బూట్లతో జారితే మేకులు కొట్టినవి ఇస్తుంది. వాటితోనూ జారితే, "ఒడ్డున కూర్చుని గాలం వేసుకో, పో" అంటుంది. ఎవరైనా సరే.

ఎవరైనా అంటే నిజంగా ఎవరైనానే. పన్నెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఎమ్మెట్ వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, ఆ నదిలోనే పెరిగినవాడు. నేను గల్లాపెట్టె పక్కన కాఫీ తాగుతూ చూస్తున్నాను. మేకుల బూట్లతో కూడా నాలుగు దగ్గర కాలు జారింది. లోర్నా పట్టుకుని దించింది, బూట్లు విప్పి పెట్టెలో పెట్టేసింది.

"నీకు లేవు నాన్నా," అంది.

ఆయన ఆ వేసవంతా ఒడ్డున కుర్చీ వేసుకుని నీళ్ళవంక చూస్తూ కూర్చున్నాడు. కర్ర కూడా తెచ్చుకోలేదు. చలికాలంలో పోయాడు. ఆవిడ మీద అప్పుడు నాకు పుట్టిన కోపం ఇన్నేళ్ళూ పోలేదు.

ఈ జూన్‌లో లోర్నా సొంత బూట్ల అడుగులు ఊడిపోయాయి. తడి బూట్లు పొయ్యి పక్కన ఆరబెడితే జిగురు వదిలేస్తుందని అందర్నీ తిట్టే మనిషి, తనే పొయ్యి పక్కన పెట్టి మర్చిపోయింది.

"నవ్వు, నవ్వేసెయ్! కడుపులో దాచుకుంటే నొప్పెడుతుంది," అంటూ కొత్త జత తొడుక్కుంది.

డెబ్బై మూడేళ్ళు. షుగరుతో పాదాలు మొద్దుబారాయి. ఏటా జూలైలో నది నడుమ ఉన్న రాతి మెట్టు దాకా నడిచివెళ్ళి, ఒక్క బాస్‌ని పట్టి వదిలేసి వస్తే గానీ ఆవిడకి ఏడాది గడిచినట్టుండదు. తొట్టిలోకి కాలు పెట్టి, "నువ్వు లెక్కపెట్టు," అంది.

ఉన్ని అడుగులతో ఆరు దగ్గర జారింది. మేకుల బూట్లతో ఐదు దగ్గరే జారింది. నా భుజం పట్టుకుని దిగింది.

కొట్లో మేమిద్దరమే. "నేనేమీ చూళ్ళేదు," అన్నాను.

"నోర్ముయ్. నాన్నకి చెప్పిన మాటే నాకూ చెప్పు."

అంతకన్నా మంచి అదను నాకు మళ్ళీ దొరకదు. కానీ ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. తనే చెప్పుకుంది, "నీకు లేవు లోర్నా," అని. బూట్లు విప్పుకోబోయింది. తడిసిన ముడి రాలేదు. నాకు జాలేసింది.

"దిగడానికి నా భుజం పట్టుకున్నావుగా, అలాగే పట్టుకుని ఇంకోసారి ఎక్కు," అన్నాను.

"అది లెక్కలోకి రాదు."

"నదికి నీ లెక్కలు తెలియవులే, ఎక్కు."

ఎక్కింది. పది అయింది, ఇరవై అయింది.

జూలైలో ఇద్దరం దిగాం. ప్రవాహం నా మీద పడేలా నేను ఎగువ పక్కన నడిచాను. ఆవిడ ఎడమచెయ్యి నా భుజం మీద. అడుగు తీసి అడుగేసేటప్పటికి ప్రాణం పోయింది, అయినా రాతి మెట్టు చేరాం. అక్కడ ఒంటిచేత్తో ఆరో నంబరు కర్ర విసిరింది. ఎరగా కట్టిన బెండు కప్ప నీళ్ళ మీద రెండుసార్లు గెంతిందో లేదో, బాస్ ఎగిరి పట్టుకుంది. దాన్ని వదిలేశాక కూడా లోర్నా నా భుజం వదల్లేదు.

"నాన్నకి బూట్లు లేవన్నాను చూడు, అది తప్పు కాదయ్యా," అంది. "నా భుజం పట్టుకో నాన్నా అనలేదు. అది తప్పు." ఏడ్చింది.

ఆయన జారిన రోజు కొట్లో నేనూ ఉన్నాను. నాకూ భుజం ఉంది. కాఫీ తాగుతూ కూర్చున్నాను.