ఆర్థర్ గారి లారీకి నేను క్లీనర్‌నైన శనివారం

రండర్రా, రండి. దగ్గరికి జరగండి. రోహన్, అంత దూరాన సోఫాలో ఒక్కడివే ఏం కూర్చుంటావు? ఇలా కార్పెట్ మీదికి రా. అనన్యా, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకో. అందరూ కూర్చున్నారా? మంచిది. నేను మాత్రం నిలబడే చెప్తాను. ఎందుకని ఇప్పుడే అడక్కండి. మొన్న శనివారం నేను చేసిన ఘనకార్యం వింటే మీకే తెలుస్తుంది. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. మీ సుధాకర్ అంకుల్ శనివారం మొదలుపెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు.

ఈ సుధాకర్ అంకుల్ చిన్నప్పుడు మా ఊరి బళ్ళో నా దగ్గరే చదువుకున్నాడని మీకు చెప్పానుగా. ఇప్పుడేమో అమెరికా వచ్చి, ఈ చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీ ఇంజనీరు. "మాస్టారూ, రిటైరయ్యారు కదా, ఓ ఆర్నెల్లు మా ఇంట్లో ఉండి, మా వీధి పిల్లలకి నాలుగు తెలుగు ముక్కలు నేర్పండి" అని టికెట్ బుక్ చేసి మరీ పిలిపించాడు. పాపం, దానికి ఫలితం అనుభవిస్తున్నాడు.

ఎదురింటి ఆర్థర్ గారిని మీరంతా చూశారు. తెల్ల మీసాలు, ఎంత ఎండలోనైనా తలమీద గళ్ళ టోపీ. ఆయన ఇక్కడివాడు కాదు. పుట్టింది, పెరిగింది ఇంగ్లాండులో. భార్య డోరతీ గారికి ఉబ్బసం. ఈ ఎడారి పొడిగాలి పడుతుందని డాక్టర్లంటే ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నేనూ ఆయనా పొద్దున్నే నడకలో కలిసేవాళ్ళం. "మార్నింగ్, టీచర్." "గుడ్ మార్నింగ్ అండీ." అంతే మా స్నేహం.

పోయిన వారం ఒకరోజు ఆయన ఇంటి పక్క షెడ్డు తలుపు తీసి ఉంది. సుధాకర్‌తో పోతూ పోతూ లోపలికి చూశాను. చూసి అక్కడే ఆగిపోయాను.

లారీ! పాతకాలపు బ్రిటిష్ లారీ. గుడ్లగూబ కళ్ళలాంటి దీపాలు, పొడుగాటి ముక్కు, చెక్క బాడీ, ముదురాకుపచ్చ రంగు. తలుపు మీద బంగారు అక్షరాలతో ఆర్థర్ గారి నాన్నగారి పేరు. స్టీరింగు మన దేశంలోలాగే కుడివైపు!

"ఏమైంది మాస్టారూ?" అన్నాడు సుధాకర్.

"మా మామ లారీరా ఇది" అన్నాను.

మా మేనమామ సుబ్బారాయుడి లారీ అచ్చం ఇలాగే ఉండేది. ఎప్పుడో యుద్ధం అయిపోయాక మిగిలిన బండిని వేలంలో ఎవరో కొంటే, వాళ్ళ దగ్గర మామ కొన్నాడు. చినగంజాం ఉప్పు నరసరావుపేట దాకా తోలేవాడు. వేసవి సెలవులొస్తే ఆ బండికి నేనే క్లీనర్ని.

"క్లీనర్ అంటే లారీ వాష్ చేస్తారా తాతగారూ?"

వాష్ కూడా చేస్తాం రోహన్. రేడియేటర్‌లో నీళ్ళు పోస్తాం. ఎత్తు మీద బండి ఆగితే కిందికి దూకి చక్రం కింద చెక్క దిమ్మ పెడతాం. పట్టా ఎగిరిపోకుండా తాళ్ళు బిగిస్తాం. ఇవన్నీ ఒక ఎత్తు, బండి రివర్సు తీయించడం ఒక ఎత్తు. వెనక ఏముందో డ్రైవరుకి కనబడదు. క్లీనరు వెనకే నడుస్తూ బాడీ మీద అరచేత్తో కొట్టాలి. రెండు దెబ్బలు కొడితే 'రానీ' అని. ఒక్క దెబ్బ కొడితే 'ఆపు' అని. "ఒరే అల్లుడూ, వెనక నాకు కళ్ళు లేవు. నా కళ్ళు నీ అరచేతిలో ఉన్నాయి. జాగ్రత్త!" అనేవాడు మామ. అరచేతిలో కళ్ళుంటాయని నమ్మి, అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో తిందామని చూసి మా అమ్మచేత తిట్లు తిన్నాను. కూర కారం కళ్ళలో పడుతుందని నా భయం!

సరే, ఆర్థర్ గారు మమ్మల్ని లోపలికి పిలిచారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులోనే అనుకోండి, నేను మన మాటల్లో చెప్తున్నాను. వాళ్ళ నాన్న ఈ లారీలో ఉన్ని బేళ్ళు మిల్లుల నుంచి రేవుకి తోలేవాడట. ఇంగ్లాండు నుంచి వచ్చేటప్పుడు ఈయన దీన్ని ఓడలో వెంట తెచ్చుకున్నాడట. ఇంజన్ పక్కన కూర్చుంటే చిన్నప్పుడు ఈయన మోకాళ్ళు కాలిపోయేవట.

"మీవీనా?" అన్నాను. "మా మామ నా కాళ్ళకి తడి గోనెసంచీ చుట్టేవాడు."

"తడి గోనెసంచీ! మా నాన్నకి ఆ ఆలోచనే రాలేదు. చలికాలంలో మాత్రం ఆ ఇంజనే మాకు పొయ్యి" అన్నాడాయన. పొగమంచులో దారి కనబడక వాళ్ళ నాన్న తల బయటికి పెట్టి నడిపేవాడట. మా మామ దుమ్ములో అలాగే నడిపేవాడని నేను చెప్పాను. వాళ్ళకీ రోడ్డు పక్కన టీ కొట్లుండేవట. ఎంతసేపు మాట్లాడుకున్నామో తెలీదు. సుధాకర్ మధ్యలో రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

"బయటికి ఎప్పుడు తీస్తారు?" అని అడిగాను.

ఆర్థర్ గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "రెండేళ్ళయింది టీచర్. నా మెడ తిరగదు. ఇంటికీ ఆ గోడకీ మధ్య సందు చూశావుగా. డోరతీ వెనక నిలబడి చెప్పేది, నేను తీసేవాణ్ణి. ఇప్పుడు వెనక ఎవరూ లేరు. సోమవారం మ్యూజియం వాళ్ళు ట్రక్కు తెచ్చి దీన్ని ఎక్కించుకుపోతారు. నేను నడపలేని బండిని ఉంచుకుని ఏం చేయను? శనివారం పార్కులో పాత బళ్ళ షో ఉంది. ఒక్కసారి నేనే నడుపుకుంటూ వెళ్దామని..."

"మేం గైడ్ చేస్తాం అంకుల్, నేనూ మా ఫ్రెండ్సూ" అన్నాడు సుధాకర్.

"థాంక్యూ. చాలామంది అడిగారు. ఆ చోట ఇంకెవర్నీ నిలబెట్టాలనిపించలేదు."

నేనేమో ఆ మాట సరిగ్గా వినిపించుకోలేదు. లారీ వెనక చెక్క తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చెయ్యి ఊరుకుంటుందా? దానంతటదే రెండు దెబ్బలు వేసింది. ఠప్ ఠప్.

ఆర్థర్ గారు చటుక్కున ఇటు తిరిగారు. తిరగని మెడ కనుక మనిషి మొత్తం తిరిగారు.

"అది నీకెవరు నేర్పారు?"

"మా మామ."

"డోరతీ అలాగే కొట్టేది. రెండు కొడితే రా, ఒకటి కొడితే ఆగు." కాసేపు నన్నే చూశారు. "శనివారం పొద్దున రాగలవా టీచర్?"

ఇక చూడండి నా గొప్పలు! సుధాకర్ ఇంట్లో వారమంతా అవే కబుర్లు. నరసరావుపేటలో సూది బెజ్జంలాంటి సందులోంచి మామ లారీ తీయించానని చెప్పాను. తీయించినమాట నిజం. అప్పుడు నాకు పదమూడేళ్ళన్నమాట మాత్రం గుర్తుచేసుకోలేదు. సుధాకర్ భార్య లలితమ్మ పొద్దున్నే, "మాస్టారూ, జీన్స్ పాంటు వేసుకోండి, బూట్లేసుకోండి" అంది. "బండి రెండేళ్ళ తర్వాత గడప దాటుతుంటే పాంటేమిటమ్మా?" అని ఇస్త్రీ పంచె కట్టాను. పల్చటి తెల్ల పంచె. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వీధిలో సగం మంది వచ్చారు. సుధాకర్ కొత్తగా కొన్న స్మార్ట్‌ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. ఆర్థర్ గారు ఎక్కి కూర్చున్నారు. ఇంజన్ దగ్గింది, గురకపెట్టింది, చివరికి అందుకుంది. ఆ వాసన! మామ భుజం మీది కండువా వాసన అది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకే అనుకోండి.

ఠప్ ఠప్! "రానీ... రానీ... రైట్... రైట్..."

లారీ కదిలింది. అటు గోడకి జానెడు, ఇటు ఇంటికి జానెడు. నేను చక్రం మీంచి చూపు తీయకుండా వెనక్కి వెనక్కి నడుస్తున్నాను. "కొంచెం కుడి... ఆఁ... రానీ..." తెలుగు మాటలు ఆర్థర్ గారికి ఎలా తెలుస్తాయని ఎవరూ అడగలేదు. దెబ్బలు తెలుసుగా! సందు దాటేసింది లారీ. ఎక్కడా గీత పడలేదు. వీధివాళ్ళు చప్పట్లు!

"మాస్టారూ, వెనక! వెనక!" అని సుధాకర్ అరుస్తున్నాడు.

"నేను చూసుకుంటాలేవోయ్!" అన్నాను ఠీవిగా. లారీ వెనక చూసుకుంటున్నాను, నిజమే. నా వెనక ఎవరు చూస్తారు?

ఆర్థర్ గారి వాకిలి చివర, రోడ్డు పక్కన, ఉత్తరాలేసే మెయిల్‌బాక్స్‌కి ఇవతల, నాగజెముడు పొద ఉంది చూశారా? బల్లపరుపు ఆకులు, వాటినిండా ముళ్ళు. సరిగ్గా కుర్చీ ఎత్తులో ఉంటుంది.

కూర్చున్నాను.

"అమ్మోయ్!" అని ఒక్క గెంతు ముందుకి గెంతాను. రెండు చేతులూ పోయి లారీ తలుపు మీద పడ్డాయి. ఠప్! ఠప్!

రెండు దెబ్బలు. అంటే 'రానీ'. ఆర్థర్ గారు వచ్చారు!

నేను పక్కకి దూకి, "నో! నో!" అందామనుకుంటే నోట్లోంచి "బాబోయ్" వచ్చింది. లారీని ఆపాలని కంగారుగా మళ్ళీ రెండు చేతులతో బాదాను. ఠప్ ఠప్. ఆయన ఇంకొంచెం హుషారుగా వచ్చారు. అన్నేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, 'స్టాప్' అన్న చిన్నమాట అవసరానికి ఒక్కసారి నోటికి రాలేదు! లారీ నా పక్కనుంచి పోయి మెయిల్‌బాక్స్ గుంజని తన్నింది. గుంజ ఒరిగింది. పెట్టె కింద పడింది. దానిమీద చక్రం. కరకరా.

అప్పటికి నా ఎడమచెయ్యి ఎక్కడ అవసరమో అక్కడికి పోయింది. మిగిలిన ఒక్క చేత్తో బాదాను.

ఠప్. ఒకే దెబ్బ.

లారీ టక్కున ఆగింది.

సుధాకర్ ఫోన్ దించేశాడు. ఆర్థర్ గారు మెల్లగా దిగి వెనక్కి వచ్చారు. అప్పుడు చూశాను, ఆ మెయిల్‌బాక్స్ మీద నీలం రంగు పిట్టలున్నాయి. చేత్తో వేసినవి. ఎవరు వేసి ఉంటారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముళ్ళ నొప్పి మర్చిపోయాను. ఆయన బండిని బయటికి తీయిస్తానని వచ్చి, ఆయనకి మిగిలినదాన్ని తొక్కించాను.

"ఆర్థర్ గారూ, సారీ అండీ..." అన్నాను.

ఆయన వంగి, అప్పడంలా అయిన ఆ రేకుని తీసి, పిట్టల మీద మట్టి తుడిచారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తల ఎత్తితే నవ్వుతున్నాడు! కళ్ళలో నీళ్ళు, మీసాల కింద నవ్వు.

"టీచర్, ఈ అంచు చూడు. ఎన్ని పొరల రంగుందో చూడు. డోరతీ వెనక నిలబడ్డప్పుడల్లా దీన్ని గుద్దించేది. నేను సాపు చేసేవాణ్ణి, తను మళ్ళీ పిట్టలు వేసేది. తను సరిగ్గా దారి చెప్పేదని నేనెప్పుడైనా అన్నానా?"

ఆయన ఆ రేకుని జాగ్రత్తగా సీటు పక్కన పెట్టుకుని అన్నాడు: "ఎక్కు, టీచర్. బండి రోడ్డు మీదుంది."

ఎక్కడమైతే ఎక్కాను. కూర్చోవడం ఎలా? సీటు మీద మోకాళ్ళేసి, వెనక్కి తిరిగి, సీటు వీపుని కౌగిలించుకున్నాను. చాండ్లర్ రోడ్ల మీద అలాగే పోయాం. వెనకొచ్చే కార్లవాళ్ళు హారన్ కొట్టి చేతులూపితే, వెనకద్దంలోంచి అందరికీ నమస్కారాలు పెట్టాను. పార్కులో ఒకావిడ, "క్లీనర్లు ఇలాగే కూర్చుంటారా?" అని అడిగింది. ఆర్థర్ గారు చాలా సీరియస్‌గా, "ఇండియా పద్ధతి" అన్నారు. ఆవిడ నా ఫోటో కూడా తీసుకుంది!

సాయంత్రం ఇంట్లో ఆపరేషన్. నన్ను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, సుధాకర్ ట్వీజర్లు ఒక చేత్తో, టేపు ఒక చేత్తో పట్టుకున్నాడు. పెద్ద ముళ్ళకి ట్వీజర్లు, నూగుముళ్ళకి టేపు.

"మాస్టారూ, కదలకండి. కదిలితే గోడకుర్చీ వేయిస్తాను!"

"ఒరే సుధాకర్, నెమ్మదిరా!"

"పదమూడో ఎక్కం అప్పజెప్పండి. నొప్పి తెలీదు."

వాడు రెండో తరగతిలో మోకాలు కొట్టుకుపోతే నేను చెప్పిన మందే అది. అప్పజెప్పాను. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి దగ్గర ఒక పెద్ద ముల్లు ఊడింది, లెక్క తప్పాను. "మళ్ళీ మొదట్నుంచి" అన్నాడు దుర్మార్గుడు. తలుపు అవతల లలితమ్మ నవ్వు వినిపిస్తూనే ఉంది.

నిన్న సోమవారం. మ్యూజియం ట్రక్కు వచ్చింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. లారీని తాళ్ళతో కట్టి ఎక్కించే దృశ్యం చూడలేక పక్కకి తప్పుకుందామనుకున్నాను. కానీ ఆర్థర్ గారు ఆ డ్రైవరుకి కప్పు టీ ఇచ్చి, ఏదో మాట్లాడి, చెయ్యి కలిపారు. ఆ తర్వాత ట్రక్కు వెనక్కి వెళ్ళి దాని బాడీ మీద ఠప్ ఠప్ అని రెండు కొట్టారు. ఖాళీ ట్రక్కు వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున ఆయనే మనింటికి వచ్చారు. చేతిలో సంచీ, సంచీలో కొత్త మెయిల్‌బాక్సులు. ఒకటి కాదు, రెండు.

"రెండెందుకండీ?" అన్నాను.

"ఒకటి వచ్చే శనివారానికి. ఇంకోటి ఆ పై శనివారానికి. ఆ తర్వాతి సంగతి షాపువాడికి చెప్పి వచ్చాను, తెప్పిస్తానన్నాడు." వెళ్ళబోతూ ఆగి అడిగారు: "నీ క్లాసులో నీలం పిట్టలు వేయగలిగిన పిల్లలెవరైనా ఉన్నారా?"

ఉన్నారన్నాను. ఏం, అనన్యా? రేపు రంగులు తెచ్చుకోండి. ముచ్చటగా వేయండి. కానీ మరీ రాత్రీ పగలూ కష్టపడి వేయకండి నాన్నా. శనివారం లారీ వెనక నిలబడేది నేనే!

ఇక లేవండి. బయట చీకటి పడింది, అమ్మలు అన్నాలు వడ్డించి ఉంటారు. వేడిగా ఉండగా పోయి తినండి. పొండి.