ముగ్గురికి ఒకే ప్రతి

చదరంగం మాసపత్రిక ఆగిపోతోందన్న వార్త మా ఫోన్ గ్రూపులోకి రాగానే సంతాపాలు మొదలయ్యాయి. ఏడుపు బొమ్మలు, దండాలు, ‘మా బాల్యం పోయింది’ అన్న నిట్టూర్పులు. ఆ రాసినవాళ్లెవరూ ఈమధ్య పత్రిక కొన్నవాళ్లు కారు. కొనే అవసరం లేకుండా చేసింది నేనే.

మొదట్లో మేం ముగ్గురమే. వనపర్తిలో బడిపంతులుగా నేను, నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం నడిపే మిత్రుడు, గద్వాలలో బట్టలు కుట్టే భాయ్. వనపర్తి బస్టాండులో పత్రిక కొని, అందులోని చదరంగం సమస్యలకు జవాబులున్న చివరి రెండు పేజీలనూ కలిపి పిన్నులు కొట్టేసి, తెలిసిన కండక్టరు చేత పంపేవాణ్ని. అది ఇద్దరి దగ్గరా తిరిగి వచ్చాక, కొత్తకోట దాబాలో ముగ్గురం కూర్చుని ఆ పిన్నులు ఊడదీసేవాళ్లం. ముందే తొంగిచూసినవాడికి ఆ పూట ఆట లేదు. ముగ్గురికి ఒకే ప్రతి అని గొప్పగా చెప్పుకునేవాళ్లం కూడా. ఇంకో రెండు కొనాలని ఎవరికీ తోచలేదు.

ఫోన్లు వచ్చాక నేను ప్రతి పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టసాగాను. ముక్కూమొహం తెలియనివాళ్లు చేరి మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు అలవాటుపడ్డాను. పత్రికల కట్ట వచ్చింది వచ్చినట్టే వాపసు పోతోందని బస్టాండు దుకాణదారు ఒకసారి నాతో వాపోయాడు. జాలిపడ్డాను. ఇంటికెళ్లి ఆ నెల ఫొటోలు పెట్టాను.

భాయ్ ఏళ్లతరబడి కూర్చిన ఒక చదరంగం సమస్యను పత్రికవాళ్లు ఒప్పుకుని, త్వరలో వేస్తామన్నారు. అది అచ్చులో చూసుకోవాలని ఆయన ఆశ. వార్త తెలిశాక కొత్తకోటలో కలిశాం. నాగర్‌కర్నూల్ మిత్రుడు ధైర్యం చెప్పబోయాడు.

“ఫికర్ చెయ్యకు భాయ్. మన సార్ గ్రూపుల వెడ్తడు. శానమంది చూస్తరు.”

“చూస్తరు. తెల్లారెవరకు గుడ్ మార్నింగుల కింద వడిపోతది,” అన్నాడు భాయ్.

నా ఫొటోల వల్లే అమ్మకం పడిపోయిందని, దుకాణదారు ముందే నాతో వాపోయాడని అప్పుడు చెప్పాను. భాయ్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

“ఆయన చెప్పినంక గూడ పెట్టినవా సార్?”

“పెట్టిన భాయ్.”

ఊరుకోలేక, వనపర్తిలో ప్రెస్సువాళ్లు తెలుసని, ఆ సమస్యను మంచి కాగితం మీద అచ్చువేయిస్తానని అన్నాను.

“మనం ఏపిచ్చుకుంటె అది పెండ్లి పత్రిక అయితది సార్. వాళ్లు ఏస్తెనే అది ఆట.”

మిత్రుడు నవ్వబోయి ఆగిపోయాడు. గద్వాల బస్సు వచ్చింది. భాయ్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. వచ్చే నెల కూడా ఇక్కడే కలుద్దామా అని అడిగాను.

“దేనికి సార్?”

కోపంతో అన్న మాట కాదు. నిజంగానే అడిగాడు. కండక్టరు ఈల వేసేదాకా బస్సు మెట్టు మీద నిలబడి, జవాబు కోసం నావైపు చూశాడు.