తండ్రి పేరు పెట్టె

మా నాగలక్ష్మిది పుట్టు అనుమానం. వాళ్లమ్మ పున్నమ్మ బాపట్ల బజారులో చేపలమ్మేది. పొద్దున పట్టినవేనని పడవవాళ్లు ఒట్టేసినా, మొప్ప ఎత్తి చూడందే కొనేది కాదు. ఆ చూపే కూతురికీ వచ్చింది.

తెనాలిలో మా కంపెనీ చిన్నది. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పేరు, తేదీ, ఫోన్ నంబరు నింపుతామే, ఆ పెట్టెలు తయారుచేయడం నాగలక్ష్మి పని. ఒక్కో పెట్టె ఒక్కసారే పకడ్బందీగా చేస్తుంది. తర్వాత ఎన్ని ఫారాలొచ్చినా అవే తెచ్చి అమరుస్తాం.

"జనం ఏదో ఒకటి కొట్టేస్తారండి, నమ్మకూడదు," అనేది. తండ్రి పేరు అడిగితే బద్ధకించి తమ పేరే మళ్లీ కొట్టేవాళ్లున్నారు. అందుకని రెండు పేర్లూ ఒకటైతే ఎర్రక్షరాలొచ్చేలా పెట్టింది: 'తండ్రి పేరు సరిగా రాయండి.' అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం కుళ్లుగా ఉండింది.

ఈ ఏడు సూర్యలంకలో వాళ్ల నాన్న గంగరాజు బోటు లైసెన్సు ఆగిపోయింది. జూన్‌లో వేట మొదలయ్యేలోగా రాకపోతే బోటు ఒడ్డునే. బాపట్ల నెట్ సెంటర్లో ఫారం వెళ్లలేదు, రేపల్లెలోనూ వెళ్లలేదు.

"రెండూళ్లవాళ్లూ కుమ్మక్కయ్యారండి!" అని మండిపడి, నన్ను కూడా వెంటబెట్టుకుని రేపల్లె బయల్దేరింది. గంగరాజు అక్కడే కూర్చుని ఉన్నాడు.

సెంటర్ నడిపే ఫిన్నీ కంప్యూటర్ మా వైపు తిప్పాడు. "నా తప్పేం లేదక్కా. తండ్రి పేరు కూడా గంగరాజే అంటున్నారు. వేరేది కొట్టేద్దాం బాబాయ్ అంటే వినట్లేదు."

"మా అయ్య వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి నేను కడుపులో ఉన్నాను. ఆ పేరే నాకు పెట్టారు. ఇప్పుడు వేరే ఎవడి పేరు చెప్పను?" అన్నాడు గంగరాజు.

తెర మీద మా ఎర్రక్షరాలే: 'తండ్రి పేరు సరిగా రాయండి.' నాగలక్ష్మి ముఖం పాలిపోయింది.

"ఎవడమ్మా ఇది పెట్టింది?"

"నేనే నాన్నా."

తిడతాడనుకున్నాను. "నీకు తెలుసు గదమ్మా," అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

అక్కడే లాప్‌టాప్ తెరిచి సాయంత్రానికల్లా ఆ షరతు తీసేసింది. ఫారం వెళ్లింది.

"రెండు చోట్లా గంగరాజనే ఉంది నాన్నా, చూడు," అని ప్రింటు తీసిన కాగితం చేతికిచ్చింది.

చదువురాని గంగరాజు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాన్ని ఫిన్నీ ముందు పెట్టాడు.

"ఏం రాసుందో నువ్వు చదివి చెప్పయ్యా."