బొంతకు అమ్మమ్మ చీర

తడిసిన బొంతకు ఒక వాసన ఉంటుంది. కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు అన్నీ ఒక్కసారి నీళ్ళు తాగితే వచ్చే వాసన అది. మొన్న ఆదివారం వాన తెరిపిచ్చిందని మా అమ్మాయి బొంత ఉతికి, గచ్చిబౌలిలో మేముండే పద్నాలుగో అంతస్తు బాల్కనీ కమ్మీ మీద ఆరేశాను. ఆరేయడమంటే మాటలు కాదు. పొడిగా ఉన్నప్పుడు పిల్ల ఒంటి చేత్తో ఈడ్చుకుపోయే బొంత, తడిసిందంటే ఇద్దరు పట్టినా లేవదు. నేనూ మా ఆయనా చెరో కొస పట్టుకుని, నీ వల్ల జారిందంటే నీ వల్ల జారిందని కసురుకుంటూ మోశాం. నీళ్ళింకా కారుతుండగానే కింద గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మేడం, బాల్కనీల ఏందో యాలాడుతున్నదట. తీయమంటున్నరు." బొంత అని చెప్పాను. "బొంతనా మేడం? మీ ఇంట్ల బొంతున్నదా?" అన్నాడు, మా ఇంట్లో వాళ్ళ ఊరి చుట్టమెవరో దిగినంత సంబరంగా. "జర లోపటి దిక్కు ఏసుకోండి. నేను సార్లకు చెప్పుకుంటలే." లోపలికి తెచ్చి హాల్లో కుర్చీల మీద పరిచి ఫ్యాను వేశాను. నడిమధ్యన ఒకచోట చిన్న చిరుగు కనిపించింది. ఆరాక చూద్దాంలే అనుకుని కూర్చున్నానేగానీ, ఇల్లంతా కమ్ముకున్న ఆ వాసనకు మరో పని చేయబుద్ధి కాలేదు. పెంటమ్మవ్వ వరండా అచ్చం ఇలాగే ఉండేది.

పెళ్ళయిన కొత్తలో మణికొండలో మేము కిరాయికున్న ఇంటి యజమానురాలు పెంటమ్మవ్వ. ఆ ప్రాంతం ఇంకా ఊరుగా ఉన్నప్పటి మనిషి. కొడుకులు నీళ్ళ ట్యాంకర్లు నడిపేవారు. కింద వాళ్ళు, పై అంతస్తుల్లో మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు. మొదటి రోజు పేరు అడిగితే చెప్పింది. తెనాలి నుంచి వచ్చినదాన్ని, ఆ పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ నా మొహం చూసి పకపకా నవ్వింది. "ఏంది, పేరు గిట్లున్నదని పరేషాన్ అయితున్నవా? నా ముందల పుట్టినోళ్ళు పుట్టినట్లే పోయిండ్రట బిడ్డా. నేను పుట్టంగనే పెంట మీద పండవెట్టి, మల్ల చేటల ఎత్తుకొచ్చుకున్నరు. పారేసిన పిల్లను యముడు గూడ ముట్టడు. సూడు, ముసలిదాన్నయినా ఇంక ముడుతలేడు." ఆ రోజు నుంచి నాకు ఆవిడ పెంటమ్మవ్వ. నేను ఆఫీసుకు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వరండాలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పాత చీరలు వేసుకుని, పొడుగాటి సూదితో బొంత కుడుతూ కనిపించేది. కుట్టు సన్నగా ఉండేది కాదు, వరసగానూ ఉండేది కాదు. అయితే లాగితే ఊడేది కాదు.

మనవలకూ మనవరాళ్ళకూ తలా ఒక బొంత కుట్టిపెట్టింది. వాటికి ఆవిడ దగ్గర గట్టి నియమాలుండేవి. కొత్త బట్ట ముక్క కూడా పడకూడదు. "కొత్త బట్టకు మనిషి ఎరుక కాదు" అనేది. ఆ పిల్లకు సొంతమైనవాళ్ళు కట్టి విడిచిన బట్టలే వేయాలి. నానమ్మ చీర, అమ్మమ్మ చీర తప్పకుండా ఉండాలి. పెద్ద మనవడు ఒకసారి తన బొంతను తీసుకెళ్ళి ఎండ పడకుండా కొత్త కారు మీద కప్పాడు. పెంటమ్మవ్వ తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున్నే పోయి ఆ బొంత కప్పుకుని కార్లో కూర్చుంది. దిగమంటే దిగదు. "బొంత యాడుంటే నేనాడనే. పా, నన్ను గూడ ఆఫీసుకు తోల్కపో" అంది. వాడు ఆ రోజు బైక్ ట్యాక్సీ మీద వెళ్ళాడు. బొంత మాత్రం సాయంత్రానికల్లా మంచం మీదికి చేరింది.

మాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ మీద ఆవిడకొక కినుక ఉండేది. వాళ్ళదీ కోస్తానే. వాళ్ళకు పాప పుట్టబోతుంటే బొంత కుట్టి ఇస్తానని ఈవిడే మేడెక్కి వెళ్ళి అడిగిందట. ఆ ఇల్లాలు "బొంతా? మాకంత ఖర్మేం పట్టిందండీ!" అందట. "నేనేమన్న తప్పు మాటన్ననా?" అని ఎప్పుడు గుర్తొచ్చినా నన్ను అడిగేది. నేనే ఒకసారి విడమర్చి చెప్పాను. "మా వైపు ఆ మాట వేరవ్వా. బొంత అంటే ఏ గతీ లేనివాళ్ళు చలికి కప్పుకునేది. ఫలానా వాళ్ళు బొంత కప్పుకుంటున్నారంటే చితికిపోయారని అర్థం." ఆవిడ సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. "గట్లనా" అని మళ్ళీ కుట్టుకుంది. ఆ మాట ఆవిడ ఎంత భద్రంగా దాచుకుందో నాకప్పుడు తెలియదు.

నాకు నెలలు నిండుతుంటే పెంటమ్మవ్వ నా పిల్లకు బొంత మొదలుపెట్టింది. నా పాత చున్నీలు, మా ఆయన చొక్కాలు వెళ్ళాయి. సిద్దిపేట దగ్గర పల్లెలో ఉండే మా అత్తగారు అడిగిన మర్నాడే ముదురెరుపు చీరొకటి పంపించింది. ఇక మిగిలింది అమ్మమ్మ చీర. అదే నేను అడగలేనిది. మా అమ్మ బడిపంతులమ్మ. నాన్న పోయాక ఒంటిచేత్తో నన్ను పెంచింది. నాకు నచ్చినవాణ్ణి రిజిస్టరాఫీసులో చేసుకున్నానని "నా గడప తొక్కకు" అన్నది అన్నట్టే ఉండిపోయింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని, ఎత్తేది కాదు. కడుపుతో ఉన్న సంగతి కూడా చెప్పే వీలు చిక్కలేదు. నా పిల్ల అమ్మమ్మ మొహం ఎరగకుండానే పెరుగుతుందేమో అన్న దిగులు నన్ను లోలోపల తినేసేది. "అమ్మ చీర లేకుండానే కుట్టేయవ్వా" అన్నాను. ఆవిడ బొంత పక్కన పెట్టి తన చిన్న ఫోను నా చేతిలో పెట్టింది. "నంబరు కొట్టియ్యి."

తెలియని నంబరు కదా, అమ్మ ఎత్తింది. ఎన్నాళ్ళకో విన్న ఆ "ఎవరండీ"కి నా కళ్ళు నీళ్ళతో నిండాయి. స్పీకరులో రెండు గొంతులూ వినబడుతున్నాయి.

"అమ్మా, నేను మణికొండకెల్లి మాట్లాడుతున్న. నీ బిడ్డ మా ఇంట్ల కిరాయికుంటది. దినాలు దగ్గరవడ్డయి. బొంత కావాలె. నీ పాత చీర ఒకటి పంపు తల్లీ."

మా వైపు దినాలంటే పోయినవాళ్ళకు చేసేవి. అమ్మ దాదాపు అరిచింది. "అయ్యో, దానికేమైందండీ?"

"ఏం కాలే, నీళ్ళాడే దినాలు. మంచిగున్నది."

"నెలలు నిండాయా!" అమ్మ గొంతు సన్నబడింది. "బొంత... బొంత దేనికండీ?"

"కప్పనీకె. ఇంక దేనికి?"

"ఇంట్లో దుప్పట్లు లేవా అండీ?"

పెంటమ్మవ్వ నావైపు ఒక్క చూపు చూసి, నిట్టూర్చి, "బొంతే కావాలె తల్లీ" అంది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. "అంతేలే అవ్వా, మా అమ్మ సంగతి నాకు తెలుసు" అని నేను ఏడుస్తూ మేడెక్కాను. "ఫికర్ జెయ్యకు" అని వెనక నుంచి వినబడింది.

మర్నాడు మధ్యాహ్నం, అవ్వ నంబరుకే ఫోన్ చేసి ఇల్లు కనుక్కుని, ఆటోలోంచి మా అమ్మ దిగింది. వెంట బియ్యం మూట, రెండు కొత్త రగ్గులు, చుట్ట చుట్టి తాడుతో కట్టిన దూది పరుపు. వీధిలోకి వెళ్ళాలంటే గంజిపెట్టిన చీర తప్ప కట్టని మనిషి, వెలిసిపోయిన నీలం నేత చీరతో, ఇంట్లో ఉన్నది ఉన్నట్టుగా బస్సెక్కి వచ్చేసింది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. లోపలికొచ్చి నాలుగు గోడలూ చూసింది. ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. పైకి చూసి, "ఏసీ ఉందే!" అంది, దొంగసొత్తు దొరికినట్టు.

"ఉందమ్మా."

"అబ్బాయి ఉద్యోగం పోలేదూ?"

"లేదు. నాదీ పోలేదు."

"మరి బొంతేమిటే? కప్పుకోను దిక్కులేక బొంత కుట్టుకుంటున్నారేమోనని రాత్రంతా కంటిమీద కునుకు లేదు తెలుసా!"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంలోనే పరుపు మీద కూలబడి, నా పొట్ట మీద చెయ్యి వేసింది. నాకు అంతకన్నా ఏం కావాలి! సరిగ్గా అప్పుడు పెంటమ్మవ్వ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది, చంకలో సగం కుట్టిన బొంతతో.

"మా వైపు బొంతంటే గతిలేనివాళ్ళు కప్పుకునేదండీ. ఆ మాటకు నేనెంత హడలిపోయానో" అని అమ్మ నిష్ఠూరమాడింది.

"మా దిక్కు బొంత లేనోళ్ళే గతిలేనోళ్ళు తల్లీ. పసిపిల్లకు కప్పనీకె ఇంట్ల ఒక ముసల్దాని చీరన్న లేకపాయె అంటరు." మెల్లగా కూర్చుని, అమ్మ కొంగు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇగో, గిది మెత్తగున్నది. గిదే ఇయ్యి."

అమ్మ లోపలికి వెళ్ళి చీర విప్పి ఇచ్చేసింది. మార్చుకోవడానికి ఇంకో చీర తెచ్చుకోలేదు. పరుపు తెచ్చిన మనిషి చీర మరిచిపోయింది. ఆఫీసు నుంచి వచ్చిన అల్లుణ్ణి మొట్టమొదటిసారి నా నైటీలో, భుజాల మీద తువ్వాలు కప్పుకుని పలకరించాల్సి వచ్చింది. ఆయన కంగారులో కాళ్ళకు దణ్ణం పెట్టి, బూట్లతోనే వంటింట్లోకి పారిపోయాడు. మంచినీళ్ళు తెమ్మని అమ్మ కేకేసింది. అదే ఆయనతో అమ్మ అన్న మొదటి మాట.

అమ్మ సెలవు పెట్టి ఉండిపోయింది. పొద్దుటి పూటలు ఇద్దరూ వరండాలో చెరోవైపు కూర్చుని కుట్టేవారు. అమ్మవి చీమల బారులాంటి సన్నటి కుట్లు, పెంటమ్మవ్వవి ఆవిడలాగే నిర్లక్ష్యంగా నడిచే కుట్లు. "నీ కుట్లు చూసి సూది గూడ బడికి పోతది పంతులమ్మా" అని ఆవిడ అంటే, "మీ కుట్ల సందుల్లో పిల్ల దూరి తప్పిపోతుందండీ" అని అమ్మ అనేది. ఒకరోజు మా అమ్మ "మీ చీరా ఒక ముక్క వేయండి" అంటే పెంటమ్మవ్వ ఒప్పుకోలేదు. "వద్దమ్మా. సొంతోళ్ళదే పడాలె. నేను కిరాయికిచ్చినదాన్ని" అంది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఆవిడ నియమం ఆవిడది. ఆ వారంలోనే ఆవిడ కోడలు దండెం మీద ఆరేసిన అత్త చీర కనబడక ఇల్లంతా వెతికింది. పసుపు అంచున్న ఆకుపచ్చ చీర, పెంటమ్మవ్వ వారంలో సగం రోజులు అదే కట్టేది. "కోతులెత్కపోయి ఉంటయ్" అని పెంటమ్మవ్వ తలెత్తకుండానే తేల్చేసింది. వెనక బండరాళ్ళ మీద కోతులుండేవి కాబట్టి అందరమూ నమ్మాం. అమ్మ అయితే జామకాయ పట్టుకుని కోతుల దగ్గరికి బేరానికి కూడా వెళ్ళింది.

పాప పుట్టింది, ఆ బొంతలోనే పెరిగింది. తర్వాత మేము గచ్చిబౌలికి మారినా పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. పోయిన చలికాలం ఆవిడ మంచం పట్టినప్పుడు వెళ్ళి పక్కన కూర్చున్నాను. మనసులో ఎప్పటినుంచో ఉన్నది అడిగేశాను. "అవ్వా, ఆ రోజు అమ్మతో బొంత కావాలన్నావు చూడు, నేను చెప్పింది గుర్తుపెట్టుకుని, తెలిసే అన్నావా?" గోడవైపు తిరిగింది. "బొంతను బొంత అనక ఇంకేమంటరు బిడ్డా" అంది. దుప్పటి కింద భుజాలు నవ్వుకు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత నేను ఆవిణ్ణి ప్రాణాలతో చూడలేదు. నా పెళ్ళిని రిజిస్టరాఫీసు చట్టానికి ఒప్పించింది, మా అమ్మను మాత్రం పెంటమ్మవ్వే ఒప్పించింది. అదీ ఒక్క మాటతో.

సాయంత్రానికి బొంత ఆరింది. చిరుగు కుడదామని సూదీ దారం తెచ్చుకుని కూర్చున్నాను. చిరిగింది అమ్మ నీలం చీరే. వేలితో కాస్త విప్పి చూస్తే, లోపలి పొరలో ఇంకేదో రంగు కనిపించింది. నా చున్నీ కాదు, మా ఆయన చొక్కా కాదు, అత్తగారి చీర కాదు. ఆకుపచ్చ. పక్కనే సన్నటి పసుపు అంచు. ఎవరికీ కనబడకుండా, అమ్మ చీరకు సరిగ్గా అడుగున, బొంత నడిమధ్యన పరిచి కుట్టేసింది. ఇన్నేళ్ళూ నా పిల్ల అది కప్పుకునే పడుకుంది.

అమ్మకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. "కోతులు ఎత్తుకెళ్ళాయందే, ఆ మహాతల్లి" అని నవ్వబోయి ఏడ్చింది. "కట్టి కట్టి మెత్తబడ్డ చీరొకటి దాచి ఉంచానే, పంపుతాను, ఆ చిరుగు మీద వేసి కుట్టు" అంది. మళ్ళీ తనే, "వద్దులే. మూసేయకు. అంచులు మాత్రం మడిచి కుట్టు" అంది. అలాగే చేశాను. కుట్లు అమ్మలా సన్నగా మొదలుపెట్టాను గానీ, చివరికొచ్చేసరికి నాకు తెలియకుండానే పెంటమ్మవ్వ కుట్లయ్యాయి.

మా అమ్మాయి వచ్చి ఆ చిరుగులో వేలు పెట్టి చూసింది. "ఇదెవరి చీరమ్మా? అమ్మమ్మదా, నానమ్మదా?"

"మణికొండ అవ్వది. పెంటమ్మవ్వది."

"పెంటమ్మా! అదేం పేరు?" అని, అన్నాళ్ళూ ఆవిణ్ణి వట్టి అవ్వ అనే పిలిచిన పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వనిచ్చాను. తర్వాత బొంత మీద చోటు చేసి పక్కన కూర్చోబెట్టుకుని, పుట్టగానే పెంట మీద పడుకోబెట్టిన ఒక పసిపిల్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాను.