రెండో కాయితం

నాతో పాటు మూడో తరగతిలో కూర్చున్నవాడు పెద్ద చదువులు చదివి, పంతులై మా ఊరికే వచ్చేనాటికి నేనింకా మూడో తరగతిలోనే ఉన్నానని మావాళ్లంటారు. అది అబద్ధం. అతను వస్తున్నాడని తెలిసి ముందే మానేశాను. ఆ మాత్రం చదువుతోనే కేతేపల్లి దిక్కు మా వాడకట్టులో అందరి ఉత్తరాలూ నేనే రాసేవాణ్ని.

పోలీసు యాక్షన్ అయిన తర్వాతి సంగతి. సంఘం వాళ్లకు జొన్నరొట్టెల మూట మోశాడని మా అన్నను మిలిటరీ వాళ్లు పట్టుకుపోయి జైల్లో పెట్టారు. అప్పటికి మా వదిన నిండు చూలాలు. ఆడపిల్ల పుట్టింది. ఏం పేరు పెట్టాలో తండ్రే చెప్పి పంపాలని వదిన పట్టుబట్టింది. అన్నకు చదువు రాదు. అదే బారక్‌లో ఉన్న ఒక పెద్ద నాయకుడు అందరి ఉత్తరాలూ చదివి వినిపిస్తాడని తెలిసి, ఆయన పేరనే రాశాను.

జవాబు రాలేదు. ఇరవై ఒకటో రోజు పోయింది, కోతలూ పోయాయి. చివరికి వదినే ఏదో పేరు పెట్టుకుంది. రెండేళ్లకు విడుదలై వచ్చిన అన్న, వాకిట్లో ఆడుతున్న పిల్లను చూసి "ఎవల పిల్ల?" అన్నాడు.

వదిన మొహం మాడిపోయింది.

"బిడ్డ పుట్టినట్టు, దక్కినట్టు నాకెవలు చెప్పిండ్రు? ఉత్తరం వచ్చింది. ఇని బారకంత నవ్విండ్రు. బిడ్డ మాట అండ్ల లేదు" అన్నాడు అన్న.

"రాసిన. నీ మీద ఒట్టు" అన్నాను నేను.

వదినకు అనుమానం పట్టుకుంది: నేను రాయలేదా, లేక ఆడపిల్లని విని మొగుడే గమ్మున ఊరుకున్నాడా? అన్న బతికినన్నాళ్లూ వదిన ఆ మాట పైకి ఎత్తలేదు, చూపులతోనే నన్ను నిలదీసింది. ఆయన పోయాక నోటితోనూ వదల్లేదు. "ఒక్కటి చెప్పు మరిదీ, నిజంగ రాసినవా?" రాశానంటే పోయినవాడు అబద్ధాలకోరు. రాయలేదంటే నేను.

అట్లాంటప్పుడు తెలిసింది, ఆ నాయకుడికి వచ్చిన ఉత్తరాలన్నీ పట్నంలో ఒక ఆఫీసులో భద్రం చేసి, అడిగినవాళ్లకు చూపిస్తున్నారని. మర్నాడు తొలి బస్సులో నేనూ వదినా డ్రైవరు కన్నా ముందే ఎక్కి కూర్చున్నాం.

"ఏం పరిశోధన చేస్తుండ్రు తాతా?" అని అడిగాడు ఆఫీసాయన.

"నేను కాదు బిడ్డా. మా వదినె నా మీద నలభై ఏండ్ల సంది చేస్తున్నది."

ఆయన నవ్వి కట్ట విప్పాడు. ఎందరెందరో పెద్దమనుషుల ఉత్తరాలు, ముత్యాల్లాంటి అక్షరాలు. వాటి నడుమ, బురదలో కోళ్లు పరుగెత్తినట్టున్న నా రాత. పైకే చదివాను. మిలిటరీ జీపుకు మా బర్రె అడ్డం పడుకోవడం, నలుగురు జవాన్లు తోక పట్టి గుంజడం, అయినా అది లేవకపోవడం. జైల్లో అన్న నవ్వాలని రాసింది. కాయితం నిండిపోయింది. బర్రె ఇంకా లేవలేదు. బిడ్డ లేదు.

వదిన నా వైపు చూడలేదు.

"జర ఆగుండ్రి" అన్నాడు ఆఫీసాయన. విడిగా ఉన్న ఒక కవరు తెచ్చాడు. "జైలు కాయిదా, అంటే రూలు ఏందంటే, ఉత్తరానికి ఒక్క కాయితమే లోపలికి. రెండోది జైలాఫీసుల ఆపుతుండ్రి. ఆ నాయకుడు సారును విడిచిపెట్టిన నాడు ఆపినయన్ని మూటగట్టి సారు చేతికే ఇచ్చిండ్రు."

అప్పటికే మా అన్నను ఇంకో జైలుకు మార్చారు. నాయకుడు ఎవరికి చదివి వినిపించేది?

ఆ కవరులో మూడో కాయితమో నాలుగోదో నాది. "బర్రె లేచింది" అని మొదలైంది. దాని కింద: "అన్నా, నీకు బిడ్డ పుట్టింది. ముక్కు అచ్చం నీదే. వదినె పేరు కోసం చూస్తున్నది. జల్దీ చెప్పి పంపు."

వదిన మూడుసార్లు చదివించుకుంది. ముట్టుకోవద్దని గోడ మీద రాసి ఉన్నా, ఆమె వేలు పెట్టి ఆ వరుస తడుముతుంటే ఆఫీసాయన కిటికీ వైపు తిరిగాడు.

"ఆయనకు తెల్వనే తెల్వదు" అంది, తనలో తాను.

నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నలభై ఏళ్ల నింద దిగిపోయింది. మెట్లు దిగుతూ, "చూసినవా వదినె, నేను రాసిన్నంటే ఇనకపోతివి. అసలు ముచ్చట ఆఖరుకు చెప్తేనే కద రుచి" అన్నాను.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన అబద్ధమాడలే, నువ్వు ఆడలే. మరిదీ, ఆ బర్రెను ఒక్క కాయితం ముందు లేపితే నీ సొమ్మేం పోతుండె?"