గంజిలో కలిపిన వెండి

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో నాకిచ్చిన ప్రాజెక్టు, కరెంటు లేకుండా ప్లాస్టిక్ ముక్క మీద రాగి పూత ఎక్కించడం. రాగి ఊరికే వచ్చి ప్లాస్టిక్ మీద కూర్చోదు, దానికి మర్యాదలు కావాలి. ముందు ఆ ముక్క మీద సన్నటి వెండి రేణువులు పట్టించాలి. అవి ఉంటేనే రాగి దిగుతుంది. ఆ వెండి రేణువులతో ఇంకో తంటా. వాటి మానాన వదిలేస్తే ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయిపోతాయి. మా పేట బతు బస్తీలో నీళ్ళొచ్చే పూట కుళాయి దగ్గర బిందెల మధ్య ఒక పెద్దమనిషి నిలబడి తగువు ఆపుతుంటాడు చూడండి, వెండి రేణువుల మధ్య ఆ పని పాలిమర్ చేస్తుంది.

ఆ పాలిమర్ మా దీవికి చెన్నై నుంచి ఓడలో రావాలి. సముద్రం బాగాలేదని ఓడ అక్కడే ఆగిపోయింది. ఎగ్జామినర్ మాత్రం పది రోజుల్లో విమానమెక్కి వచ్చేస్తున్నాడు. రాగి పట్టిన ముక్క ఆయన ముందు పెట్టలేకపోతే ఫెయిలు, ఇంకో ఏడాది అదే బెంచీ. మా సారు తల గోక్కుని, "అరే, స్టార్చ్ భీ తో పాలిమర్ హై. ఘర్ సే చావల్ కా పానీ లే ఆ" అన్నారు. స్టార్చ్ కూడా పాలిమరే కదా, ఇంటి నుంచి గంజి పట్టుకురమ్మని. ఇన్నేళ్ళ చదువూ చివరికి గంజి దగ్గరికే వచ్చిందా అనుకున్నాను.

మా ఇంట్లో గంజికేం కరువు లేదు. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు భాషలో సగం హిందీ కలిపేసుకున్నారు గాని అన్నం వార్చడం మానలేదు. అమ్మ వార్చిన గంజి సీసాలో నింపుకుని కాలేజీకి పరుగెత్తాను. వెండి నైట్రేటు కలిపి వేడిచేస్తే లేత టీ రంగు రావాలి. నాకు విరిగిన పాలు వచ్చాయి. సారు సీసా వెలుతురుకెత్తి చూసి, "నమక్ డాలా క్యా?" అన్నారు. వెండి ద్రావణంలో ఉప్పు పడితే ఇక అంతే, తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది.

ఇంటికెళ్ళి గయ్యిమన్నాను.

"గంజిలో ఉప్పేశావా?"

"ఉప్పెయ్యకుండా గంజి ఎవులు తాగుతారే?" అంది అమ్మ.

"తాగడానిక్కాదు, వెండి కలపడానికి!"

"వెండి గంజిలో కలుపుతావా? పాగల్ హో గయీ క్యా? అంత వెండుంటే పట్టీలు సేయించుకో."

కుళాయి నీళ్ళలోనూ ఎంతో కొంత ఉప్పుంటుందని మర్నాడు ల్యాబ్ నుంచి డిస్టిల్డ్ వాటర్ క్యాను మోసుకొచ్చాను. "బేటరీలో పోసే నీల్లతో అన్నమొండమంటావేటి?" అని అమ్మ తిడుతూనే వండింది. ఉప్పు వెయ్యనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. నేను సీసా నింపి, మూతపెట్టి, గట్టు మీద ఉంచి స్నానం చేసొచ్చాను. ల్యాబ్‌లో మళ్ళీ విరిగిన పాలే. వెండి నైట్రేటు ఇంకొక్కసారికి మిగిలింది. ఇంకో సీసా కావాలంటే అదీ ఓడలోనే రావాలి.

ఆ మధ్యాహ్నం ఇల్లు పీకి పందిరేశాను. అమ్మ వెయ్యలేదంటే వెయ్యలేదంది. "నీకు సేతకాక నా గంజి మీద పడతావేటి? ఆడలేక మద్దెలోడన్నాదంట!" అంది. నేను తగ్గలేదు. సాయంత్రం మళ్ళీ మొదలెట్టేసరికి అమ్మ పొయ్యి వైపు తిరిగి, "సరే, నానే ఏసినాను. మరిసిపోయి ఏసినాను. బస్?" అంది. చూశారా, ఒప్పుకుంది! ఆ ఊపులో, "నా ఏడాది నువ్వే మింగేశావు" అనేశాను.

అంతే, అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఏం చెప్పాలన్నా మా నాయనమ్మతో చెప్పేది. నేను ఎదురుగానే కూర్చునుంటే, "అత్తా, దాన్ని అన్నం తినమను" అనేది. నాయనమ్మ రెండడుగుల దూరంలో ఉన్న నా వైపు తిరిగి, "అన్నం తినమంతన్నాదే" అని చేరవేసేది. నేను, "ఆకలి లేదని చెప్పు" అనేదాన్ని. పాపం, ముసలిదానికి ఆ వారమంతా పోస్టాఫీసు ఉద్యోగమే.

మూడోసారి వంటింట్లోంచి అందరినీ తరిమేసి అన్నం నేనే వండాను. సగం మాడింది. గంజి మాత్రం నిఖార్సయింది. ల్యాబ్‌లో అది లేత టీ రంగుకు తిరిగేసరికి స్టూలెక్కి గంతేశాను. పాత స్విచ్‌బోర్డు ప్లేటు ముక్క గరుకు కాగితంతో రుద్ది, అందులో ముంచి, ఆరబెట్టి, రాగి ద్రావణంలో వేశాను. కాసేపటికి ముక్క ఎర్రగా మెరిసింది. వెండి నీళ్ళలో ముంచని అంచు మీద నా బొటనవేలి ముద్ర కూడా రాగిలో అచ్చుపడింది. తడిచేత్తో అక్కడ ముట్టుకున్నాను కాబోలు.

ఎగ్జామినర్ ముక్క చూశాడు, ముద్ర చూశాడు, సంతకం కూడా పెట్టావా అని నవ్వాడు. వెంటనే మొహం గంభీరంగా పెట్టి, ఒక్కసారి వస్తే అది అదృష్టం కావచ్చు, మళ్ళీ చేసి చూపించమన్నాడు. చూపించడానికి వెండేదీ? బీరువాలో మిగిలిన రెండు పాడైన సీసాలు తీసి ఆయన ముందు పెట్టాను. ఉప్పు పడ్డ రెండుసార్లూ ఒకేలా విరిగింది సార్, పడనప్పుడు ఇలా వచ్చింది అన్నాను. ఆయన మూడూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. రెండోసారి ఉప్పెలా పడిందని అడిగాడు.

"మా అమ్మే వేసింది సార్. ఒప్పుకుంది కూడా."

గది గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఓటమి కూడా ఇంత శుభ్రంగా రెండుసార్లు చేసి చూపించినవాళ్ళు అరుదని చెప్పి పాస్ చేశాడాయన.

ఎగురుకుంటూ ఇంటికొస్తే నాయనమ్మ నా బుగ్గలు పుణికి, ఇక భయం లేదనుకుందేమో, మెల్లగా చెప్పింది.

"ఆ రెండోనాటి ఉప్పు నానే ఏసినానే. పిల్ల ఎండలో సప్పిడి గంజి తాగుతాదేటని, నువ్వు తానానికెల్లినప్పుడు సీసాలో సిటికెడేసినాను."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా నాయనమ్మా!"

"నువ్వలా అరుత్తంటే బయమేసినాది. మీ యమ్మతో సెప్పినాను. 'నువ్వూరుకో అత్తా, ఈ వయసులో నువ్వు పడలేవు, నాను పడతాను' అన్నాది."

అంతమంది ముందు అమ్మ మీద వేసి నవ్వానే అని సిగ్గేసింది. అమ్మ వాకిట్లో చేపలు తోముతోంది, తలెత్తలేదు. దగ్గరికెళ్ళే ధైర్యం లేక గుమ్మంలోనే నిలబడి, "నాయనమ్మా, తప్పయిపోయిందని అమ్మతో చెప్పు" అన్నాను.

నాయనమ్మ అటు తిరిగి నోరు తెరిచేలోపే అమ్మ అంది, "అత్తా, తిట్టినప్పుడు నిన్ను మద్దిలో పెట్టుకోలేదు కదా. ఇదీ తిన్నగా నాకే సెప్పమను."

వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాను. చాలా చిన్నగా వచ్చింది మాట.