బీడీ కట్టల్లా కట్టిన నాచు

దయ్యాల ముచ్చట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. ఖతర్‌లో మేముండే లేబర్ క్యాంపులో శుక్రవారం అన్నాలు తిన్నాక ఎవరో ఒకరు మొదలుపెడతారు. సైటులో పోయినవాడు లిఫ్టులో కనిపించాడని ఒకడు, బాత్రూములో కుళాయి దానంతట అదే తిరిగిందని ఇంకొకడు. కుళాయికి వాషర్ మార్పించండిరా అని చెప్పి దుప్పటి కప్పుకునేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇందులో చచ్చిపోయినవాళ్లు ఎవరూ లేరు. నన్ను ముంచినవాడు నిక్షేపంగా బతికే ఉన్నాడు.

మాది కోరుట్ల దగ్గర పల్లె. ఖతర్‌లో పెద్ద అక్వేరియంలు చూసుకునే ఒక కంపెనీలో నా పని. వర్క్‌షాపూ క్యాంపూ ఇండస్ట్రియల్ ఏరియాలోనే. వెస్ట్ బే అనే చోట ఒక ఆఫీసు టవర్ ఉంది, దాని కింది హాల్లో ఒక గోడంత ఉప్పునీళ్ల ట్యాంకు. దాన్ని నేనూ గంగారాం అన్నా కలిసి చూసేవాళ్లం.

అతనిది మా పక్క మండలం. నన్ను ఈ పనిలోకి తెచ్చింది అతనే. చేపకు జబ్బు చేస్తే రెక్కల దగ్గర ముందు తెలుస్తుందని నేర్పింది అతనే. ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంట. మా అమ్మ ఫోన్ చేస్తే ముందు అతని బాగోగులు అడిగి తర్వాత నాకిమ్మనేది. అప్పుడు అన్నా అని పిలిచేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు కాబట్టి గంగారాం అనే రాస్తాను.

పై ట్యాంకులో రంగురంగుల చేపలు కనిపిస్తాయి కదా, దాని ప్రాణం మాత్రం కింది గదిలో ఉంటుంది. అక్కడ ఇంకో తొట్టిలో సముద్రపు నాచు పెంచుతాం. అంట్లు తోమే స్టీలు పీచులా చిక్కుచిక్కుగా ఉండే పచ్చటి నాచు. పై నుంచి వచ్చే మురికినీళ్లలో చేపల మలం వల్ల చేరేదంతా అది తినేస్తుంది. అది బాగుంటే పైన అద్దం మీద పాచి పట్టదు, చేపలు హాయిగా ఉంటాయి. అది చస్తే కుళ్లి ట్యాంకునంతా తీసుకుపోతుంది.

నాచును అందరూ ముద్దగా తొట్టిలో వేసి వదిలేస్తారు. గంగారాం అలా చేయడు. వాళ్లమ్మ బీడీలు చేసేది, చిన్నప్పుడు కట్టలు కట్టే పని ఇతనిది. నాచును పాయలుగా విడదీసి, నైలాన్ దారంతో వదులుగా బీడీ కట్టల్లా కట్టి, ప్లాస్టిక్ జాలీకి వరసగా తగిలిస్తాడు. అప్పుడు లోపలి పోగులకు కూడా వెలుతురు అందుతుంది. దారానికి ముడి వేయడు. చుట్టి చుట్టి కొసను గోటితో చుట్ల కిందికి నెట్టేస్తాడు. అతనిది ఎడమచేతి వాటం, అందుకని చుట్లు మనం చుట్టేదానికి ఎదురుగా తిరిగి ఉంటాయి. నాకు నేర్పాలని చూశాడు గానీ నా చేతికి ముడి తప్ప ఏదీ రాలేదు.

గొడవ లైటు దగ్గర మొదలైంది. ఆ తొట్టి మీది పాత ట్యూబులు తీసేసి ఎల్ఈడీ పెట్టాలని కంపెనీ అంది. ఏది పెట్టాలో మమ్మల్నే చూసి చెప్పమన్నారు. వర్క్‌షాపులో రెండు టబ్బుల్లో నాచు వేసి, ఒకదాని మీద ఊదారంగు లైటు, ఇంకోదాని మీద కొంచెం పసుపు కలిసిన తెల్ల లైటు వేలాడదీశాం. ఊదా కింద నాచు ఒక పిడికెడు ఎక్కువ పెరిగిన మాట నిజమే. కానీ ఆ వెలుతురులో పచ్చదీ నల్లగానే కనిపిస్తుంది, కుళ్లిందీ నల్లగానే కనిపిస్తుంది. తెల్లది పెడితే పెరుగుదల కాస్త తగ్గినా నాచు ఎలా ఉందో కంటికి తెలుస్తుంది. నేను తెల్లదే అన్నాను.

గంగారాం వినలేదు. "పెరుగుడే గావాలె తమ్మీ. సూపు మనకెందుకు, మనం సిన్మా సూత్తున్నమా?" అన్నాడు. పెద్దవాడు, నేర్పినవాడు, సరే నీ ఇష్టమే కానీ అన్నాను. ఊదా లైటే కావాలని ఇద్దరం కలిసి మా సూపర్‌వైజర్ ఖలీల్ భాయ్‌కి చెప్పాం.

వర్క్‌షాపులో లైటు పైకప్పు దూలానికి వేలాడింది. టవర్ గదిలో బిగించాక గంగారాం చూసి, మసక మసకగా ఉంది, జర కిందికి దించుదాం అన్నాడు. ఊదా వెలుతురు మన కంటికి మసకగానే ఉంటుంది, నాచుకు మాత్రం మండుటెండ. ఆ సంగతి అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. దించింది అతనే, నిచ్చెన పట్టుకున్నది నేను. నాచు మాడి తెల్లబడి కుళ్లింది, ఆ రంగులో మాకు కనిపించలేదు. కనిపించేసరికి నీళ్లు కంపు కొడుతున్నాయి, పైన పసుపు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు. ఆ టవర్ పని తెలిసింది మా ఇద్దరికే గనుక ఇద్దరిలో ఒక్కరే సెలవు మీద వెళ్లాలి. ఈసారి వంతు నాది, లీవ్ ఒప్పుకున్నారు. బిడ్డ పుట్టేనాటికి అక్కడ ఉంటానని ఆమెకు మాటిచ్చాను.

ఖలీల్ భాయ్ ఇద్దర్నీ పిలిచాడు. ఆయనది కరీంనగర్, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడతాడు. నేను లోపలికి వెళ్లేసరికి గంగారాం అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"రమేశ్, గంగారాం సాఫ్ చెప్పిండు. లైటు పసంద్ చేసింది నువ్వేనట, కిందికి దించింది గూడ నువ్వేనట. వద్దన్నా ఇన్లేదట గదా?"

నేను గంగారాం వైపు తిరిగి, అన్నా నిజం చెప్పు అన్నాను. అతను తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. ఖలీల్ భాయ్ ఇంకో మాట కూడా అన్నాడు. "ట్యాంక్ ఠీక్ అయ్యేదాంక నీకు లీవ్ మాఫీ, లేనే లేదు. గంగారాం పోతడు." అతను సెలవు అడిగాడన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

గదికి వచ్చాక నోటికొచ్చినట్టు తిట్టాను. నీ నోట్ల మన్నువడ, ఒక్క కంచంలో తిన్నం గదనే అన్నాను. గోడవైపు తిరిగి పడుకుని ఒకటే మాట అన్నాడు, "పోవాలె తమ్మీ. పోకుంటె సచ్చేటట్టున్న." ఎందుకో చెప్పలేదు. నేను డ్యూటీలో ఉండగా వెళ్లిపోయాడు. నాకు కూతురు పుట్టింది. ఆ పసిగుడ్డు ముఖం కంపెనీ బస్సులో, పక్కవాడి భుజం మీదుగా ఫోన్‌లో చూశాను. ఏడుపు ఆగలేదు. సిగ్గు కూడా వేయలేదు.

గంగారాం మళ్లీ రాలేదు. సెలవు అయిపోయినా రాలేదు, ఫోన్ కలవలేదు. కంపెనీ అతని పేరు కొట్టేసింది. ఇక నేనొక్కణ్ణే. నాచు మళ్లీ పెరిగి ట్యాంకు కుదురుకుంటేనే నా బిడ్డను చూసేది.

తెల్ల లైటు తెప్పించి బిగించాను. బతికి మిగిలిన పిడికెడు నాచును ముద్దగా తొట్టిలో పడేశాను. కట్టలు కట్టే ఓపిక లేదు, ఆ పద్ధతి చూస్తేనే ఒళ్లు మండేది.

తర్వాతిసారి వెళ్లి తాళం తీస్తే ముద్ద లేదు. నాచు పాయలు పాయలుగా విడిపోయి, బీడీ కట్టల్లా జాలీకి తగిలి ఉంది. దారానికి ముడి లేదు. కొసలు చుట్ల కింద దూరి ఉన్నాయి. చుట్లు ఎదురు తిరిగి ఉన్నాయి.

ముందు నాకు వచ్చింది కోపమే. ఎవడో ఆటలాడుతున్నాడనుకున్నాను. ఆ గది తాళంచెవి ఒకటి నా దగ్గర, ఇంకొకటి సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. అక్కడి నేపాలీ గార్డు, "కోయీ నహీ ఆయా భయ్యా" అన్నాడు. ఎవరూ రాలేదు, నమ్మకపోతే చూసుకో అని కారిడార్ కెమెరా కూడా చూపించాడు. నేను రావడం, నేను పోవడం, అంతే. మా కంపెనీలో అందర్నీ అడిగాను. ఆ టవర్ వైపు ఎవరూ వెళ్లలేదు.

కట్టలన్నీ విప్పి మళ్లీ ముద్ద చేసి వచ్చాను. మళ్లీ వెళ్తే మళ్లీ కట్టి ఉన్నాయి. ఈసారి లైటు గొలుసు కూడా మార్చి, లైటును కాస్త పైకి ఎత్తారు. వంగి చూస్తే నాచు కొసలు అప్పుడే తెల్లబడబోతున్నాయి. నేను గమనించలేదు. లైటు మూత మీద తడి చెయ్యి ఆనించిన చోట ఉప్పు ఆరి అయిదు వేళ్ల గుర్తు పడింది. నా అరచెయ్యి పెట్టి చూశాను. అది నాకంటే పెద్ద చెయ్యి.

అప్పుడొక ఆలోచన వచ్చింది. గంగారాం ఊరికి వెళ్లనే లేదు, లేదా వెళ్లి ఇంకో కంపెనీ వీసా మీద మళ్లీ వచ్చాడు. చేసిన పనికి సిగ్గుపడి, నాకు ముఖం చూపించలేక, ఎవరినో పట్టుకుని దొంగతనంగా వచ్చి నాచు బాగుచేసి పోతున్నాడు. నిజం చెప్తున్నాను, ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు ఆకలి వేసింది. అన్నం సహించక చాలా రోజులైంది. ఆ రోజు కడుపునిండా తిన్నాను. అతను నన్ను పూర్తిగా వదిలేయలేదని అనుకున్నాను.

రూఢి చేసుకుందామని మా బామ్మర్ది శేఖర్‌ను గంగారాం ఊరికి పంపాను. ఒక శుక్రవారం పొద్దున, నేను ఆ తొట్టి గదిలో ఉండగా అతను వీడియో కాల్ చేశాడు. ఊళ్లో అప్పటికి మధ్యాహ్నం.

"బావా, ఈడనే ఉన్నడు. వచ్చిన కాన్నుంచి గడప దాటలేదట," అన్నాడు శేఖర్.

ఫోన్ తిప్పి చూపించాడు. గంగారాం వసారాలో నులక మంచం మీద నిద్రపోతున్నాడు. బాగా చిక్కిపోయాడు. రెండు చేతులూ గుండెల మీద ఆడుతున్నాయి. ఎడమచెయ్యి చుడుతోంది, కుడిచెయ్యి పట్టుకుంటోంది. పక్కన అతని భార్య తువ్వాలతో ఆ చేతులు తుడుస్తోంది.

"గల్ఫ్ నుంచి అచ్చిన కాన్నుంచి గిట్లనే తమ్మీ," అంది ఆమె. "కన్ను మూత్తె సాలు, చేతులు ఆడిత్తడు. తుడిసినా కొద్ది తడే. నోట్లె వెట్టుకుంటె ఉప్పుప్పుగున్నయ్."

నా పక్కన తొట్టిలో నీళ్లు కదిలిన చప్పుడైంది. శుభ్రం చేయడానికి పంపు నేనే ఆపి ఉంచాను. కట్టలు కూడా నేను అప్పుడే విప్పి ముద్ద చేశాను. తల తిప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఫోన్‌లో ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను. ఎడమచెయ్యి చుట్టడం ఆపి, బొటనవేలి గోటితో దేన్నో లోపలికి నెట్టింది. అప్పుడు తొట్టి వైపు చూశాను. ఒక కట్ట పూర్తయి, జాలీ పక్కన తేలుతోంది.

అతన్ని లేపమని వదినెతో అన్నాను. ఆమె కుదిపింది. అతను కళ్లు తెరిచాడు. ఇక్కడ నీళ్లు నిలిచిపోయాయి.

ఫోన్ అతని చేతికిచ్చారు. ఇది నువ్వేనా, ఎట్లా వస్తున్నావు అని అడగాలి కదా ఎవరైనా. నాకు ఆ మాటే రాలేదు.

"నా పేరెందుకు చెప్పినవే?" అన్నాను.

లేచి కూర్చుని ఫోన్ ముఖం దగ్గరికి జరుపుకున్నాడు. పెదాలు కదిలాయి. చెప్తాడనే అనుకున్నాను.

"నాచు పచ్చగున్నదా?" అన్నాడు.

"పచ్చగనే ఉన్నది."

తల ఊపి ఫోన్ భార్యకు ఇచ్చేసి అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాత వాళ్లు అతన్ని జగిత్యాలలో డాక్టరుకు చూపించారట. చేతుల్లో చెమట ఎక్కువ పట్టే జబ్బు, ఉప్పదనం చెమటదే అన్నాడట. కావచ్చు. కెమెరా చెడిపోయి ఉండవచ్చు, గార్డు అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఇవన్నీ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నా కళ్ల ముందు తేలిన ఆ ఒక్క కట్టకు మాత్రం ఏ జవాబూ దొరకలేదు. ఆ శుక్రవారం తర్వాత కట్టలు నేను విప్పలేదు. నాచు తొట్టి నిండా పెరిగింది, పైన అద్దం తేటబడింది, ఖలీల్ భాయ్ నా లీవ్ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటికి వెళ్లాను. నా కూతురు అప్పటికి కూర్చుంటోంది. ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చి వాళ్లమ్మ మెడ పట్టుకుంది. కొత్త మనిషి గదా, అలవాటైతే వస్తది అంది నా భార్య. ఆ మాట అన్నది నన్ను ఓదార్చడానికే, కానీ నేను పెరట్లోకి వెళ్లి కాసేపు ఒక్కణ్ణే నిలబడ్డాను. సెలవు అయ్యేదాకా గంగారాం ఊరివైపు వెళ్లలేదు. అతనూ రాలేదు, కబురూ చేయలేదు.

అతని చేతులు అక్కడికి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి తెలియకుండా బతకగలను. అంత సముద్రం దాటి ఆ నాచు దగ్గరికి అన్నిసార్లు వచ్చినవాడు, దాన్ని పెంచే నా దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు.